కుళాయమ్మ లెక్క

మా ఆఫీసులో ఆమెను అందరూ కుళాయమ్మ అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆమెకు ఆ సంగతి తెలుసు. ఒకసారి ఫోనెత్తింది. అవతలివాళ్లు ఆమెను అసలు పేరుతో అడిగారు. "ఎవరూ, కుళాయమ్మా? నేనే, చెప్పండి" అంది తాపీగా. గదిలో ఉన్న ఐదుగురం తలలు కాగితాల్లో దూర్చేశాం.

మాది నగరంలో ఏటా కొత్తగా ఎన్ని ఇళ్లు లేచాయో లెక్కగట్టే ఆఫీసు. ఇళ్లు పూర్తయ్యాయని బిల్డరు కాగితం పంపుతాడు. మా నుంచి ఒక మనిషి వెళ్లి చూసి, నిజమేనని సంతకం పెడితే ఆ ఇళ్లు లెక్కకెక్కుతాయి. అలా వెళ్లేవాళ్లు నలుగురు. ముగ్గురు గేటు దగ్గరే నిలబడి, తలెత్తి ఎన్ని అంతస్తులో చూసి, వాచ్‌మన్ ఇచ్చిన టీ తాగి వచ్చేసేవాళ్లు. నాలుగో మనిషి కుళాయమ్మ. ఆమె మెట్లెక్కేది. ప్రతి అంతస్తూ ఎక్కేది. ప్రతి తలుపూ వేసి, గడియ పెట్టి, మళ్లీ తీసేది. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, వంటింటి కుళాయి తిప్పి నిండా నీళ్లు పట్టేది. వాటిని స్నానాలగదిలో పారబోసి, ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడేది. నీళ్లు రాకపోతే ఆ ఇల్లు లెక్కలోకి రాదు. వచ్చిన నీళ్లు కదలక అక్కడే నిలిచిపోయినా రాదు.

"గోడలూ కప్పూ గోదాముకీ ఉంటాయి సార్, మనుషులు ఉండొద్దూ?" అనేది, ఎవరైనా బిల్డరు వాదనకు దిగితే.

ఆమె తండ్రి వడ్రంగి. ఊరంతటికీ తలుపులు చేసి, తను మాత్రం పనిచేసే కొట్టు వెనక ఒంటిగదిలో సంసారం నడిపాడు. మూడు వీధులవతల నుంచి తల్లి నీళ్లు మోసి మోసి నడుం పోగొట్టుకుంది. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు, ఆమె భర్త చెప్పాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. "మా ఆవిడ గ్లాసు పట్టుకుని బయల్దేరితే బిల్డర్లకి దడ. నేను గ్లాసు పట్టుకుంటే ఆవిడకి దడ" అని తన మీద తనే జోకులేసుకునేవాడు. నిజానికి ఆయన టీ తప్ప ఏదీ ముట్టడు.

నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. తొమ్మిదేళ్లు ఆమె పక్క బల్ల నాది. ఇప్పుడు చెప్పబోయే వ్యవహారంలో ఆమె పెట్టిన సంతకం ఒకటి ఉంది. ఆ సంతకం పైనున్న పట్టిక టైపు చేసింది నేనే. అందుకని ఇది చెప్పే హక్కు నాకుందో లేదో తెలియదు. చెప్పకపోతే మాత్రం నా కడుపుమంట చల్లారదు.

ఆ ఏడు చివర్లో ఒక పత్రిక ముందటేడు లెక్కలతో ఆరు మహానగరాలను పోలుస్తూ పట్టిక వేసింది. జనాభాలో ప్రతి వెయ్యిమందికి ఏ నగరం ఏడాదిలో ఎన్ని కొత్త ఇళ్లు కట్టిందన్నది విషయం. మా నగరం ఐదోది. ఆ రోజు పదకొండు గంటలకల్లా మా డైరెక్టరుగారికి పైనుంచి మూడు ఫోన్లొచ్చాయి. మధ్యాహ్నం అందర్నీ పిలిచాడు. మనిషి అరిచే రకం కాదు. మెత్తగా మాట్లాడతాడు, మెత్తగా మాట్లాడుతూనే పనంతా కానిచ్చుకుంటాడు.

"మిగతా నగరాల్లో స్లాబు పడితే ఇల్లు కింద లెక్కేస్తున్నారట. మనమొక్కళ్లమే తలుపులూ కుళాయిలూ అని కూర్చున్నాం. ఇక నుంచి మనమూ స్లాబే చూద్దాం" అన్నాడు.

ముగ్గురు తలూపారు. కుళాయమ్మ ఊపలేదు.

"స్లాబు మీద పడుకుంటారా సార్ జనం?"

"అమ్మా, ఇది పోలిక కోసం. ఒక పట్టికలో ఒక అంకె. దానివల్ల ఎవరింట్లోనూ దీపం ఆరిపోదు. నష్టం ఎవరికో మీరే చెప్పండి."

"అయితే రూలు మారిందని రాసివ్వండి."

"ఇస్తాను. టైపు చేయిస్తున్నాను" అన్నాడాయన, నా వైపు చూపిస్తూ.

టైపు చేశాను కూడా. ఆయన ఎర్ర సిరాతో రెండు చోట్ల దిద్దాడు. 'పైకప్పు పడిన ఇల్లు' అన్నది కొట్టేసి 'దాదాపుగా పూర్తయిన ఇల్లు' అని రాశాడు. దిద్దిన ప్రతి నా బల్ల మీదే ఉండిపోయింది. ఆయన సంతకంతో అసలు ఉత్తర్వు మాత్రం ఏనాడూ బయటకు రాలేదు.

ఆ నెలాఖరుకు పాత నూలుమిల్లు స్థలంలో లేస్తున్న మూడువందల పన్నెండు ఇళ్ల కాగితం వచ్చింది. కుళాయమ్మ వెళ్లింది. ఆరంతస్తుల అస్థిపంజరం. స్తంభాలూ స్లాబులూ ఉన్నాయి. గోడలు రెండంతస్తుల దాకా లేచాయి. తలుపు ఒక్కటీ లేదు. మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. తిరిగొచ్చి కాగితం బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు కూర్చుంది. మూడోరోజు డైరెక్టరు స్వయంగా ఆమె బల్ల దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. పట్టికలో అంకెకీ మనుషుల బతుకులకీ సంబంధం లేదని మళ్లీ చెప్పాడు. ఈ ఒక్కటీ ఆగడంవల్ల మొత్తం నివేదిక ఆగిపోయిందన్నాడు.

ఆమె సంతకం పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో చూడనిదాన్ని చూశానని రాయడం అదే మొదలు.

ఏడాది ముగిశాక పత్రిక వేసిన కొత్త పట్టికలో మా నగరం మొదటి స్థానంలోకి వచ్చింది. తొమ్మిదివేల ఎనిమిదివందల కొత్త ఇళ్లు. కూడళ్లలో తాటికాయంత అక్షరాలతో బోర్డులు వెలిశాయి. డైరెక్టరుగారికి సన్మానం జరిగింది. మా అందరికీ మిఠాయి డబ్బాలొచ్చాయి. కుళాయమ్మ డబ్బా బల్ల మీదే ఉండి ఉండి, చివరికి చీమల పాలైంది.

ఏడు వారాలు గడిచాక, ఒక మంగళవారం పొద్దున ఒక ముసలాయన ఆఫీసుకొచ్చాడు. సన్నగా, మెడలో కొలత టేపుతో ఉన్నాడు. దర్జీ. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. చేతిలో కాగితం.

"ఈ సంతకం ఎవరిదయ్యా?" అని నన్నడిగాడు.

నేను చెప్పేలోపే కుళాయమ్మ లేచింది. "నాదే. కూర్చో అన్నా."

"కూర్చోడానికి రాలేదమ్మా. మా ఇల్లు నువ్వు చూశావంట. పూర్తయిందని రాశావంట. ఎట్లా ఉందో అడుగుదామని వచ్చాను. నేనింకా చూడలేదు."

ఆయన వెటకారంగా అనలేదు. అదే బాధ. నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు.

ఆయన కుటుంబం నూలుమిల్లు పక్కన పాత క్వార్టర్లలో ముప్పై ఏళ్లున్నది. కొత్త మేడలు కడతామని ఆ క్వార్టర్లు కూల్చి, మూడువందల పన్నెండు కుటుంబాలనూ బస్సు డిపో వెనక రేకుల షెడ్లలోకి తోలారు. ఇళ్లు పూర్తయ్యేదాకా అక్కడుండమన్నారు. ఇప్పుడు గృహ విభాగం నుంచి నోటీసు వచ్చింది. మీకు కేటాయించిన ఇళ్లు పూర్తయినట్టు అధికారికంగా ధ్రువీకరణ అయింది గనుక పదిహేను రోజుల్లో షెడ్లు ఖాళీ చేయాలని దాని సారాంశం. వెనక జతచేసింది మా పట్టిక. అడుగున కుళాయమ్మ సంతకం.

ఆమె ఆ కాగితాన్ని చదివి, మళ్లీ చదివింది.

"తప్పు రాశానన్నా," అంది. "దిద్దుతాను."

"ఎప్పుడు దిద్దుతావమ్మా? ఇప్పటికే నాలుగు రోజులు పోయాయి."

ఆమె నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. ఆయన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

"ఆ కాగితాన్ని గృహ విభాగం ఎందుకు వాడుకుందో నాకేం తెలుసు? అది వాళ్ల పని. మనం లెక్కిస్తాం, వాళ్లు ఇస్తారు."

"లెక్కే అబద్ధం సార్. నా సంతకం వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుంటే మూడువందల పన్నెండు పోతాయి. అవి పోతే మిగతావీ తవ్వుతారు. మొదటి స్థానం పోతుంది. నగరం పరువు తీస్తారా? ఒక అర్జీ ఇవ్వండి, చూద్దాం."

ఆమె అర్జీ ఇచ్చింది. నేనే టైపు చేశాను. అది ఆయన బల్ల మీది ఎడమ గుట్టలోకి పోయింది. ఎడమ గుట్టలోకి పోయినది బయటికి రాదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమె గృహ విభాగానికీ నడిచింది. అక్కడి గుమాస్తా, "మీరే పూర్తయిందని రాశారు, మీరే కాలేదంటున్నారు. ఏ మాట నమ్మాలమ్మా?" అన్నాడు.

పదహారో రోజు పొద్దున్నే యంత్రం వచ్చింది. మొదటి రెండు వరసలు, నలభై షెడ్లు, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా నేలమట్టం. మిగతావి వచ్చేవారమన్నారు. షెడ్లు పోయిన కుటుంబాల్లో కొందరు చుట్టాల ఇళ్లకు పోయారు. పదిహేడు కుటుంబాలకు పోవడానికి చోటు లేదు. 'మీ ఇళ్లు' అని కాగితంలో రాశారు కదా, ఆ ఇళ్లలోకే పోయారు. గోడల్లేని స్లాబుల మీద చీరలూ దుప్పట్లూ కట్టుకుని, ఎవరికి కేటాయించిన నంబరులో వాళ్లు, స్తంభాల మీద బొగ్గుతో నంబర్లు రాసుకుని మరీ సర్దుకున్నారు. దర్జీకి కేటాయించింది మూడో అంతస్తు. కుట్టుమిషను ఆయనా కొడుకూ కలిసి మోశారు.

మూడోరోజు దర్జీ భార్య కింద ట్యాంకరు నుంచి నీళ్లు పట్టుకుని, బిందెతో పైకెక్కుతూ రెండో అంతస్తు మలుపులో కాలు జారింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. పక్కనుంచి కిందికి, ఇసుక కుప్ప మీద పడింది. ఇసుక కాకపోతే ప్రాణమే పోయేది. తుంటి విరిగింది.

కుళాయమ్మ ఆస్పత్రికి వెళ్లింది. నేనూ వెళ్లాను. దర్జీ ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. మంచం మీద ఉన్నావిడే పలకరించింది.

"నువ్వేనా ఇళ్లు చూసే అమ్మాయివి?"

"నేనే వదినా."

"మా ఇంట్లో గాలి మాత్రం బాగా వస్తుంది" అంది ఆవిడ, అంత నొప్పిలోనూ నవ్వబోయి.

బయటికొచ్చాక కుళాయమ్మ మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమెకొచ్చింది కోపం.

"ఎవరికీ నష్టం లేదన్నాడు" అంది. "కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మరీ అన్నాడు. నేను నమ్మాను చూడు తమ్ముడూ, నా ఒళ్లు మండేది అందుకే. మిగతా నగరాల్లో కూడా ఇట్లాగే లెక్కేస్తున్నారన్నాడు. అదన్నా నిజమో కాదో కనుక్కుంటాను."

మర్నాటి నుంచి రెండు రోజులు ఆమె ఫోను వదల్లేదు. మిగతా ఐదు నగరాల్లోనూ మాలాంటి ఆఫీసులున్నాయి. ఆమెలాంటి మనుషులూ ఉన్నారు. శిక్షణ తరగతుల్లో కలిసినవాళ్లు కొందరు, గొంతు మాత్రమే తెలిసినవాళ్లు కొందరు. అందర్నీ ఒకే ప్రశ్న అడిగింది. మీరు ఇల్లని దేన్నంటారు?

ఒక నగరంలో కట్టుకోవడానికి అనుమతి కాగితమిస్తే చాలు, ఇల్లయిపోతుంది. అక్కడ గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు కూడా ఇళ్లే. ఇంకో నగరంలో పునాది తీస్తే ఇల్లు. మరోచోట కరెంటు మీటర్లు లెక్కపెడతారు, కింద కొట్టుకు పెట్టిన మీటరూ ఇల్లే, లిఫ్టుకు పెట్టిన మీటరూ ఇల్లే. నాలుగోచోట విడిగా తాళం పడే గది ప్రతిదీ ఇల్లు. హాస్టల్లో మంచం పట్టే గది ఒక ఇల్లు, దాని పక్కది ఇంకో ఇల్లు. డైరెక్టరు చెప్పిన స్లాబు లెక్క ఒక్క నగరంలోనూ లేదు. అది మా ఊళ్లోనే పుట్టింది.

ఐదో ఫోను పట్టికలో అట్టడుగున ఉన్న నగరానికి. అక్కడ లెక్కపెట్టే ఆయన ఆమె ప్రశ్న విని నవ్వాడు.

"మా దగ్గర జనం దిగి, పొయ్యి వెలిగించాకే లెక్క వేస్తామమ్మా. కూల్చినవి తీసేస్తాం. అందుకే చివరికొచ్చాం. మా పెద్దలు రోజూ తిడుతున్నారు. మీ నగరాన్ని చూసి నేర్చుకోమంటున్నారు."

ఆమె ఫోను పెట్టేసింది. తర్వాత నన్ను పాత రిజిస్టర్లు తెమ్మంది. ఆ చివరి నగరం లెక్క ప్రకారం మన నగరాన్ని లెక్కేద్దాం అంది. ఆ ఏడు జనం దిగిన కొత్త ఇళ్లు రెండువేల ఎనిమిదివందల డెబ్బై. కొత్తవి కట్టడం కోసమని కూల్చిన పాత ఇళ్లు మూడువేల వంద. మూడుసార్లు కూడి తీసివేశాం. ఆరు నగరాల్లోకెల్లా ఎక్కువ ఇళ్లు కట్టిందని బోర్డులెక్కిన మా నగరంలో, ఏడాది మొదట్లో ఉన్నవాటికంటే ఏడాది చివర ఇళ్లు రెండువందల ముప్పై తక్కువ.

దర్జీ భార్య పడిన విషయం పత్రికల్లో వచ్చింది గనుక నగర సభ విచారణ కమిటీ వేసింది. మిగతా షెడ్లు కూల్చడానికి ఇంకా నాలుగు రోజులుందనగా సభాభవనంలో విచారణ. వెళ్లేముందు నేను నా సొరుగు తీసి, ఎర్ర సిరా దిద్దుబాట్లున్న ఆ చిత్తుప్రతి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసి, "ఇన్నాళ్లూ ఉందా నీ దగ్గర?" అంది. మడిచి సంచిలో పెట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కమిటీ అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు. కళ్లజోడు పైనుంచి చూసేవాడు. మొదట డైరెక్టరు మాట్లాడాడు. పావుగంట మాట్లాడాడు. క్షేత్రస్థాయి సిబ్బంది ధ్రువీకరించిన దాన్నే ఆఫీసు ముందుకు పంపుతుందన్నాడు. సదరు ఉద్యోగిని సీనియర్ అని, ఆమె సంతకాన్ని తాను శంకించలేదని చెప్పాడు. ఎంత శుభ్రంగా చేతులు దులుపుకున్నాడంటే, కాసేపు నాకే నిజమనిపించింది.

కుళాయమ్మ లేచింది.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు అధ్యక్షుడు.

"నాదేనండి."

"మీరు చూసినప్పుడు ఇళ్లు పూర్తయ్యాయా?"

"లేదండి. తలుపులు లేవు, నీళ్లు లేవు, సగానికి పైగా గోడలు లేవు."

"అంటే తెలిసి తెలిసి అబద్ధం రాశారు."

"రాశానండి. శిక్ష వేస్తే పడతాను. అది తర్వాత చూడండి. ముందు వచ్చేవారం యంత్రం రాకుండా ఆపండి. రెండువందల డెబ్బై రెండు సంసారాలున్నాయి అక్కడ. నా సంతకం చూపించి వాళ్లని వెళ్లగొడుతున్నారు. నా సంతకమే నేను తప్పంటుంటే ఇంక దేన్ని పట్టుకుని వెళ్లగొడతారు?"

ఎవరో సభ్యుడు, నగరానికి మంచిపేరు వచ్చిన సమయంలో ఈ రభస ఎందుకని గొణిగాడు. ఆమె ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పేరు ఎవరికండి వచ్చింది? ఆరు ఊళ్లు ఆరు రకాలుగా లెక్కేసుకున్నాయి. ఒకరు గడ్డిని లెక్కేశారు, ఒకరు లిఫ్టుని లెక్కేశారు, మేం గాలిని లెక్కేశాం. నిజం లెక్కేసిన ఊరు అడుగుకి పోయింది. మన ఊళ్లో ఇళ్లు పెరగలేదండి, తగ్గాయి. ఇదిగో, రెండువందల ముప్పై తగ్గాయి. మీ రిజిస్టర్లలోవే ఈ అంకెలు."

తర్వాత చిత్తుప్రతి తీసి ఇచ్చింది. ఎర్ర సిరా చూసి అధ్యక్షుడు డైరెక్టరు వైపు చూశాడు. ఆయన నీళ్లు నమిలాడు. అది ముసాయిదా మాత్రమేనన్నాడు, అమల్లోకి రాలేదన్నాడు.

"ఇది మీకెవరిచ్చారు?" అని అడిగాడు అధ్యక్షుడు.

నేను రెండో వరసలో కూర్చున్నాను. లేచి నిలబడడానికి ఎంతసేపు పడుతుంది? లేవలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

"ఆఫీసులో దొరికిందండి" అంది.

ఆ సాయంత్రమే కూల్చివేత ఆపమని ఉత్తర్వు వచ్చింది. కూల్చిన నలభై షెడ్లూ నెలలోపు మళ్లీ వేశారు. స్లాబుల మీదున్న పదిహేడు కుటుంబాలు దిగి వచ్చాయి. నూలుమిల్లు ఇళ్లలో రెండువందలు పద్నాలుగు నెలల తర్వాత నిజంగానే పూర్తయ్యాయి. మిగతావి ఇంకా కడుతూనే ఉన్నారు. దర్జీ కుటుంబానికి కింది అంతస్తులో మార్చి ఇచ్చారు. ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తోంది. దర్జీ ఒకసారి కుళాయమ్మకు ఎదురుపడి, "నువ్వు మంచిదానివేనమ్మా, కాదనను. కానీ ఆ సంతకం పెట్టింది కూడా నువ్వే" అన్నాడట. అవునన్నా అని ఒప్పుకుని వచ్చేసిందట. వాళ్లిద్దరి మధ్యా అంతకుమించి సయోధ్య కుదరలేదు.

శిక్షల సంగతికొస్తే, తప్పుడు ధ్రువీకరణకు కుళాయమ్మను ఆరు నెలలు సస్పెండు చేసి, తర్వాత నేలమాళిగలోని పాత ఫైళ్ల గదికి మార్చారు. డైరెక్టరును ఇకముందు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించి, రెండు నెలలు తిరక్కుండానే ఇంకా పెద్ద కుర్చీకి పంపారు. కూడళ్లలో బోర్డులు వర్షాలకు రంగు వెలిసేదాకా అలాగే ఉన్నాయి. మరుసటి ఏడు పత్రిక మళ్లీ అదే పట్టిక వేసింది. ఈసారి అడుగున 'ఒక్కో నగరం లెక్కించే పద్ధతి వేరు' అని ఒక వాక్యం చేర్చారు. ఆ అక్షరాలు చదవడానికి నేను కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లాల్సి వచ్చింది.

దాన్ని పట్టుకుని నేలమాళిగకు దిగాను. ఆమె నేల మీద కూర్చుని, తడిసిన ఫైళ్లను ఒక్కొక్కటీ విప్పి ఆరబెడుతోంది.

"మీకొక్కరికే శిక్ష పడిందేంటక్కా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"నేను రాశాను కదయ్యా. వాళ్లు రాయలేదు, రాయించారు" అంది. "ఈ కాగితాలు ఎవరూ చూడటం లేదని నీళ్లు కారే పైపు కింద పెట్టారు చూడు. ముప్పై ఏళ్ల ఇళ్ల కాగితాలు. నిలబడతావేం, ఆ పక్క కట్ట ఇటు అందుకో."

అందుకున్నాను. ఆ రోజు నుంచి భోజనాల వేళ నేను అక్కడికే వెళ్తున్నాను. డైరెక్టరు వెళ్లిపోయాక వచ్చిన కొత్తాయన, స్లాబు లెక్కే కొనసాగించమన్నాడు. టైపు చేయనని చెప్పాను. ఇంకొకరితో చేయించుకున్నాడు.